గాజు గిన్నె కొనే ముందు

గాజు గిన్నె చూడ్డానికి బాగుంటుంది. కడిగి బోర్లిస్తే తళతళ మెరుస్తుంది. లోపల ఏముందో పైనుంచే కనిపిస్తుంది. సంతలో, సామాన్ల కొట్లో ఇప్పుడు రకరకాల గాజు గిన్నెలు అమ్ముతున్నారు.

వాటిని చూస్తే మనసు పడుతుంది. అందులో తప్పేమీ లేదు. రోజూ పొద్దున్నా సాయంత్రం వంటింట్లో గడిపే మనిషి, అక్కడ నాలుగు అందమైన వస్తువులు ఉండాలని కోరుకోదా?

కాని డబ్బు ఊరికే రాదు. గిన్నె పగిలితే డబ్బు పోతుంది. గాజు పెంకు అన్నంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అందం ఒక్కటే చూస్తే చాలదు. ఏ పనికి ఏ గిన్నె అన్నది కూడా తెలియాలి.

గాజు ఎందుకు మంచిది?

గాజును ఇసుకతో చేస్తారు. తెల్లటి మేలురకం ఇసుకలో సోడా, సున్నపురాయి కలిపి పెద్ద కొలిమిలో కరిగిస్తారు. మనం చేతికి వేసుకునే గాజులు కూడా ఇలా తయారైనవే. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాదు ఊరు ఈ గాజులకు పేరుపొందింది.

చింతపండు, నిమ్మరసం, పెరుగు, టమాటా ఏది పెట్టినా గాజు గిన్నెకు ఏమీ కాదు. లోపలి పదార్థం రుచీ మారదు. ఉల్లి వాసన పట్టదు. పసుపు మరక పడదు.

సత్తు గిన్నె అలా కాదు. దీన్ని కొందరు సిల్వరు గిన్నె అంటారు. పేరే గాని అందులో వెండి లేదు. అది అల్యూమినియం. పులుపు తగిలితే అది కొద్దికొద్దిగా కరిగి కూరలోకి దిగుతుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుపు పెడితే చిలుము పడుతుంది.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనం ఏం తినాలి, ఎలా వండాలి అని 2024లో ఆ సంస్థ దేశమంతటికీ సలహాలిచ్చింది. పచ్చడి, సాంబారు వంటి పుల్లటి పదార్థాలను అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో నిలవ ఉంచవద్దని అందులో చెప్పింది.

చింతపండు నానబెట్టడానికి, పెరుగు తోడుపెట్టడానికి గాజు గిన్నె మంచిది. స్టీలు గిన్నె కూడా పనికొస్తుంది. చేతిలో డబ్బు లేకపోతే స్టీలు చాలు. గాజు కోసం అప్పు చేయనక్కర్లేదు.

పొయ్యి వెలిగించక ముందే

నూనె కాగింది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. అప్పుడు కరివేపాకు కోసం పెరట్లోకి పరుగెత్తితే ఏమవుతుంది? పోపు మాడుతుంది. గ్యాసు దండగ. పనిలో పని, పొయ్యి దగ్గర పసిపిల్ల ఒంటరిగా ఉంటే మరీ ప్రమాదం.

కాబట్టి పొయ్యి వెలిగించక ముందే అన్నీ సిద్ధం చేసుకోవాలి. కూరలు తరిగి ఒక గిన్నెలో పెట్టుకోవాలి. పోపు సామాను ఒక గిన్నెలో వేసుకోవాలి. గాజు గిన్నెల్లో పెడితే ఏది ఉందో, ఏది మరిచిపోయామో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

దీనికి ఆరు గిన్నెలు చాలు.

పెద్దది ఒకటి. పప్పు నానబెట్టడానికి. 1500 మి.లీ. అంటే లీటరున్నర.

మధ్యరకం రెండు. తరిగిన కూరకు ఒకటి, చింతపండుకు ఒకటి. 500 మి.లీ. అంటే అర లీటరు.

చిన్నవి మూడు. పోపు గింజలకు, ఉల్లి మిర్చి ముక్కలకు, కరివేపాకు కొత్తిమీరకు. 100 మి.లీ. చాలు.

1000 మి.లీ. అయితే ఒక లీటరు. ఈ లెక్క గుర్తుంటే డబ్బా మీది అంకె చూసి గిన్నె ఎంతదో చెప్పవచ్చు.

గాజులో రకాలు

మామూలు గాజు: దీన్ని చల్లటి వాటికే వాడాలి. కాగే పులుసు పోస్తే పగలవచ్చు. ఎందుకు? వేడి తగిలితే గాజు సాగుతుంది. పులుసు పోయగానే లోపలి వైపు సాగుతుంది. బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకు గిన్నె పగులుతుంది. గిన్నె మందంగా ఉంది, వేడికి ఆగుతుంది అనుకోవద్దు. మందంగా ఉన్న గాజే తొందరగా పగులుతుంది.

గట్టిపరచిన గాజు: దీన్ని టఫెన్డ్ గ్లాసు అంటారు. దెబ్బకు కొంత ఆగుతుంది. పగిలితే పొడవాటి పెంకులుగా కాక, చిన్న చిన్న ముక్కలవుతుంది.

బోరోసిలికేట్ గాజు: ఇది వేడికి ఆగే గాజు. మామూలు గాజు సాగేదానిలో ఇది మూడో వంతు మాత్రమే సాగుతుంది. అయినా దీన్ని కూడా పొయ్యి మంట మీద పెట్టవద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వేడివి పోయవద్దు.

కొట్లో ఏం చూడాలి?

ఒక అత్తాకోడళ్లు గాజు గిన్నెలు కొనడానికి కొట్టుకు వెళ్లారు. అత్త ఈ మధ్యే చదవడం నేర్చుకుంది. కోడలికి ఎర్రపూల గిన్నెలు నచ్చాయి.

"అత్తమ్మా, ఇవి చూడండి. ఎంత బాగున్నాయో!"

అత్త గిన్నె లోపల వేలు పెట్టి రాసి చూసింది. పూలు వేలికి గరుగ్గా తగిలాయి.

"రంగు లోపలి వైపే వేశారేం నాయనా? పీచు పెట్టి తోమితే ఊడదా?"

"కొంచెం ఊడొచ్చమ్మా. అయినా అందం కోసం కదా" అన్నాడు కొట్టతను.

"ఊడిన రంగు ఎక్కడికి పోతుంది? మా పులుసులోకే గదా! రంగు లేనివి చూపించు."

అత్త అన్నమాట నిజమే. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. సీసం విషం. పిల్లలకు మరీ చెరుపు. పూలు కావాలంటే బయటి వైపు ఉన్నవి తీసుకోవాలి.

కొట్టతను తెల్లటి గిన్నెల డబ్బా తీశాడు. కోడలు ఒక్కో గిన్నెనూ వెలుతురుకు పెట్టి చూసింది. ఒకదానిలో సన్నటి బీట కనిపించింది. దాన్ని మార్పించింది. అంచు పెచ్చులూడిందేమో మెల్లగా తడిమి చూసింది. బల్ల మీద పెట్టి, ఊగుతుందేమో చూసింది.

"వేడివి పోయొచ్చా?" అని అడిగింది.

"భేషుగ్గా పోయొచ్చమ్మా."

"ఆ మాట డబ్బా మీద ఎక్కడ రాసి ఉందో చూపించన్నా."

కొట్టతను డబ్బా అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా లేదు.

"అయితే చల్లటి వాటికే వాడుకుందాం అత్తమ్మా" అంది కోడలు.

"ఎంతకిస్తావు?" అంది అత్త.

"480 రూపాయలు."

అత్త డబ్బా మీది అంకెలు కూడబలుక్కుని చదివింది.

"నాలుగు, అయిదు, సున్నా. 450 అని ఉందే! ముప్ఫై ఎందుకు ఎక్కువ?"

"బండి ఖర్చులమ్మా."

"ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపిన ధర. అంతకు మించి తీసుకోకూడదు" అంది కోడలు.

కొట్టతను ఇంకేమీ అనలేదు. 450 రూపాయలే తీసుకున్నాడు. అత్త బిల్లు అడిగి తీసుకుంది.

డబ్బా మీద రాత చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. అంకెలు మనం చదవవచ్చు. మిగతాది చదివి చెప్పమని అడగాలి. అడగడం నామోషీ కాదు. అడక్కుండా మోసపోవడమే నష్టం. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఇది వినియోగదారుల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు.

పగిలితే ఏం చేయాలి?

ముందు పిల్లల్ని దూరంగా పంపాలి. చెప్పులు వేసుకోవాలి. పెంకులను చేత్తో ఏరవద్దు. చీపురుతో ఊడ్చి అట్టముక్క మీదికి ఎత్తాలి. బియ్యం చెరిగే చేటలోకి ఎత్తవద్దు. తరువాత తడి కాగితంతో నేల అద్దాలి. కంటికి కనిపించని నలుసులు దానికి అంటుకుంటాయి.

దగ్గరలో మూత లేని అన్నం, కూర ఉంటే పారేయాలి. మనసు ఒప్పదు. అయినా పారేయాలి. పశువుల కుడితిలో కూడా వేయవద్దు.

పెంకులను మందపాటి కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాలి. చెత్త తీసుకుపోయే మనిషికి "ఇందులో గాజు పెంకులున్నాయి" అని చెప్పి ఇవ్వాలి. వాళ్లవీ మనలాంటి చేతులే.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. చింతపండును సత్తు గిన్నెలో ఎందుకు నిలవ ఉంచకూడదు?
2. లోపలి వైపు రంగు పూలున్న గిన్నెను అత్త ఎందుకు వద్దంది?
3. కొట్టతను ఎమ్మార్పీ కంటే ఎన్ని రూపాయలు ఎక్కువ అడిగాడు?
4. 500 మి.లీ. గిన్నెలు రెండు ఉన్నాయి. రెంటిలో కలిపి ఎన్ని లీటర్లు పడతాయి?

ఖాళీలు నింపండి

1. గాజును ........తో చేస్తారు.
2. వేడి తగిలితే గాజు ........ .
3. కొన్న వస్తువుకు ........ అడిగి తీసుకోవాలి.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ఏదైనా డబ్బానో, పొట్లాన్నో తీసుకోండి. దాని మీద ధర ఎక్కడుందో వెతకండి. ఆ అంకె మీ పుస్తకంలో రాయండి. ఎంతకు కొన్నారో పక్కనే రాయండి. రెండూ పోల్చి చూడండి.