పాత స్కోపు కొనాలా?

ప్రశ్న: ఇంగ్లండులో ఒక వేలంలో రెండో ప్రపంచయుద్ధం నాటి నంబర్ 32 స్నైపర్ స్కోపు ఒక్కటే, రైఫిలు లేకుండా, అమ్మకానికి ఉంది. రంగు బాగా పోయింది. కొని రంగు వేయించవచ్చా?

జవాబు: రంగు జోలికి వెళ్లకండి. కొత్తగా మెరిసేదాన్ని చూస్తే అనుభవమున్న సేకర్తలు మొహం తిప్పుకుంటారు. మొదట బ్రెన్ గన్ కోసం రూపొందించిన ఈ స్కోపును తర్వాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 (టి) రైఫిలుకు అమర్చారు. పెంచి చూపేది మూడు రెట్లే! ప్రతి స్కోపునూ ఒక రైఫిలుకు జతచేసి సరిచూసేవారు. అందుకే స్కోపు నంబరును రైఫిలు మడమకర్ర మెడ మీద, రైఫిలు నంబరును స్కోపును పట్టి ఉంచే బ్రాకెట్టు మీద కొట్టేవారు. అసలు విలువంతా ఆ జతలోనే. అద్దాల్లో బూజు కనిపించినా మీరే స్క్రూలు విప్పకండి, పాత దృశ్యపరికరాలు బాగుచేసేవారికి ఇవ్వండి. మీరు చూసింది విడి స్కోపు కాబట్టి, ధర బాగా తగ్గిస్తేనే తీసుకోండి.