డీపీ మీదే, బొమ్మ ఎవరిది?

ప్రొఫైల్, బ్లాగు ముస్తాబు చేసుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు

కొత్త ఖాతా తెరవగానే డీపీ పెడతాం, కవర్ ఫొటో మారుస్తాం, బయోలో రెండు ముక్కలు రాసుకుంటాం. బ్లాగైతే టెంప్లేటు, ఫాంటు, పైన ఒక తలకట్టు బొమ్మ. వీటిలో సగం ఎక్కడినుంచో తెచ్చుకున్నవే. ఈ విషయంలో మనవాళ్ల తీరు తిరగేసినట్టు ఉంటుంది. జాగ్రత్తపడాల్సిన చోట మహా ధైర్యం, హక్కు ఉన్న చోట మొహమాటం. ఇక్కడి జవాబులు మన దేశ చట్టాల ప్రకారం రాసినవి. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లు అక్కడి చట్టాన్ని కూడా చూసుకోవాలి.

గూగుల్‌లో దొరికిన బొమ్మను బ్లాగు తలకట్టుకు వాడుకోవచ్చా?

గూగుల్ వెతికిపెడుతుంది అంతే, వాడుకోమని ఇచ్చే అధికారం దానికి లేదు. ఆ బొమ్మ ఏదో సైటులో ఉంటుంది, దాన్ని గీసిన మనిషి ఇంకెక్కడో ఉంటాడు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం బొమ్మ గీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ చేయించలేదనో, కింద కాపీరైట్ గుర్తు లేదనో హక్కు లేకుండా పోదు.

దారి లేదని కాదు. గూగుల్ బొమ్మల వెతుకులాటలోనే టూల్స్ నొక్కితే వాడుక హక్కులు అనే వడపోత ఉంది. అందులో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఎంచుకోండి. లేదా నేరుగా వికీమీడియా కామన్స్‌కు వెళ్లండి. చార్మినార్, లేపాక్షి, కొల్లేరు అన్నీ అక్కడ ఉన్నాయి. తీసినవాళ్ల పేరు, లైసెన్సు పేరు, లింకు ఇస్తే చాలా ఫొటోలు వాడుకోవచ్చు. కత్తిరించినా, రంగులు మార్చినా ఆ మాట చెప్పాలి. లైసెన్సులో వాణిజ్యేతరం అని ఉంటే మాత్రం ప్రకటనలు వచ్చే బ్లాగులో దాని జోలికి పోకపోవడం మేలు.

‘క్రెడిట్స్ టు ఓనర్’ అని రాస్తే సరిపోదా?

సరిపోదు. యజమాని ఎవరో తెలియదని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు అవుతుంది. ‘కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అన్న లైనూ అంతే. అది యూట్యూబ్‌లో తిరిగే తాయెత్తు, కోర్టులో పనిచేయదు.

వపా, బాపు బొమ్మలు కవర్ ఫొటోగా పెట్టుకుంటున్నాం. పాతవే కదా?

పాతవే, కానీ హక్కు తీరిపోయేంత పాతవి కావు. చిత్రకారుడైనా కవైనా, బతికినంత కాలం, పోయిన తర్వాత 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. ఆ 60 ఏళ్లను మనిషి చనిపోయిన ఏడాదికి మరుసటి జనవరి 1 నుంచి లెక్కపెట్టాలి. రవివర్మ 1906లో పోయారు, రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో పోయారు. వాళ్ల బొమ్మలు ఎవరైనా వాడుకోవచ్చు. వపా, అంటే వడ్డాది పాపయ్య, 1992 వరకూ ఉన్నారు కాబట్టి ఆయన బొమ్మలకు 2052 చివరిదాకా, 2014లో పోయిన బాపు బొమ్మలకు 2074 చివరిదాకా రక్షణ ఉంది. ఆ హక్కు ఇవాళ కుటుంబానిదా, ప్రచురణ సంస్థదా అన్నది బొమ్మబొమ్మకూ మారుతుంది. ఎవరిదో ఒకరిది అన్నది మాత్రం ఖాయం.

కవితలకూ ఇదే లెక్క. గురజాడ 1915లో పోయారు, కాబట్టి చింత లేదు. శ్రీశ్రీకి 2043 ముగిసేదాకా ఆగాలి. బయోలో ఒక పాదం రాసి కింద ఆయన పేరు పెట్టుకుంటే ఎవరూ కోర్టుకు ఈడ్వరనే నా అంచనా. అయితే ఇన్ని పాదాల వరకూ మాఫీ అని చట్టంలో ఎక్కడా లేదు. విమర్శ కోసం, సమీక్ష కోసం కొంత ఎత్తి చూపడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. గేయాలన్నీ టైపు చేసి ‘నాకు నచ్చిన కవితలు’ అనే పేజీ పెట్టడం విమర్శ కిందికి రాదు.

మరి ‘మాయాబజార్’ ఘటోత్కచుడి స్టిల్లు?

సరదా ప్రశ్నలా ఉంటుంది గానీ, ఈ లెక్కల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. సినిమా హక్కు మనిషి ఆయుష్షుతో ముడిపడదు. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ‘మాయాబజార్’ వచ్చింది 1957లో. అంటే 2017 చివరికి ఆ గడువు నిండింది. కాని పాటలు వేరే ఖాతా. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఆ సాహిత్యానికి 2031 చివరిదాకా హక్కుంది. ఘంటసాల 1974లో పోయారు, ఆయన బాణీలకు 2034 చివరిదాకా. కాబట్టి ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు గారి బొమ్మను బ్లాగు నెత్తిన పెట్టుకోవడం ఒకటి, పేజీ తెరవగానే అందులోని పాట మోగేలా పెట్టడం ఇంకొకటి. స్టిల్లు కూడా నలుపు తెలుపుదే తీసుకోండి. 2010లో వచ్చిన రంగుల ప్రతిపై వేరే హక్కుదారులు ఉండవచ్చు.

పెళ్లి ఫొటోలకు డబ్బిచ్చింది మేం. స్టూడియోవాళ్లు వాటిని తమ ఇన్‌స్టా పేజీలో పెట్టుకున్నారు. అడిగితే ‘తీసింది మేం, హక్కు మాదే’ అంటున్నారు.

సాధారణంగా తీసినవాళ్లదే. కానీ డబ్బు తీసుకుని, ఒకరు తీయమంటే తీసిన ఫొటోలకు కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ వేరే సంగతి చెబుతుంది. మరో ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి యజమాని. పెళ్లి ఆల్బమ్, బారసాల వీడియో, స్టూడియోలో దిగిన కుటుంబం ఫొటో, అన్నీ ఇందులోకే వస్తాయి. ఈ సంగతి తెలియక మన ఫొటో మనం డీపీగా పెట్టుకోవడానికి స్టూడియోని అడిగేవాళ్లున్నారు, వాటర్‌మార్కు తీసేసిన ప్రతికి విడిగా డబ్బు కట్టేవాళ్లూ ఉన్నారు.

తిరకాసంతా ‘మరో ఒప్పందం లేకపోతే’ అన్న చోట ఉంది. వాట్సాప్‌లో వచ్చే కొటేషన్ పీడీఎఫ్ తెరిచి చూడండి. ముందు పేజీల్లో డ్రోన్, క్యాండిడ్, ఎల్ఈడీ స్క్రీన్, ఆల్బమ్ షీట్ల లెక్క పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చివరి పేజీలో, అడ్వాన్సు తిరిగివ్వబడదు అన్న లైను కింద, ఫొటోలను ప్రచారానికి వాడుకునే హక్కు స్టూడియోకు ఉంటుందని చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. డ్రోన్‌కు ఐదు వేలు తగ్గించమని గంటసేపు బేరమాడేవాళ్లు ఆ పేజీ దాకా రారు. అడ్వాన్సు వేసేముందే ఆ లైను కొట్టేయించండి, లేదా ‘మమ్మల్ని అడిగాకే’ అని చేర్పించండి. ‘సరే అండీ’ అని వాళ్లు పెట్టిన మెసేజ్ దాచుకోండి, అదీ సాక్ష్యమే.

ఇంకో మెలిక. తీయించింది, డబ్బిచ్చింది పెళ్లికొడుకు నాన్నగారైతే చట్టం ఆయన్నే యజమాని అనవచ్చు. తన ఫొటో బయట పెట్టొద్దని పెళ్లికూతురు అనడానికి కాపీరైట్ కాక గోప్యత ఆధారమవుతుంది. యజమాని మీరే అయినా, తీసిన మనిషికి తన పేరు చెప్పించుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఉంటుంది. డీపీ కింద ఫొటోగ్రాఫర్‌ను ట్యాగ్ చేయడం న్యాయం కూడాను.

అభిమాన హీరో ఫొటో డీపీగా పెడితే కేసవుతుందా?

అభిమానంతో పెట్టుకున్న డీపీ మీద కేసులు పెట్టుకుంటూ పోతే తెలుగునాట కోర్టులు చాలవు. గీత దాటేది ఆ బొమ్మతో సొమ్ము చేసుకున్నప్పుడు, లేదా ఆయనే మాట్లాడుతున్నట్టు ఏఐతో గొంతు, ముఖం తయారుచేసినప్పుడు. 2025 సెప్టెంబరులో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టులో, చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో ఇలాంటి వాడుకకు వ్యతిరేకంగా ఉత్తర్వులు వచ్చాయి. హీరో బొమ్మను టీషర్టుల పేజీకి లోగోగా పెట్టేవాళ్లు ఆలోచించుకోవాలి. ఇక ఆ ఫొటో తీసినవాళ్ల కాపీరైటు ఎలాగూ విడిగా ఉంటుంది.

ఆగస్టు 15కు జెండాను డీపీగా పెట్టుకోవచ్చా? మూడు సింహాల బొమ్మ?

జెండా పెట్టుకోవచ్చు. 2022లో ప్రధానే పెట్టుకోమని పిలుపునిచ్చారు. కానీ తెల్ల పట్టీ మీద ‘స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు’ అనీ, కింద ‘మీ వార్డు సభ్యుడు’ అనీ రాయించే అలవాటు ఉందే, అది తప్పు. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం జెండా మీద రాతలను అవమానాల జాబితాలో చేర్చింది. జెండా అంటే గుడ్డ ఒక్కటే కాదు, దాని బొమ్మ కూడా అని ఆ చట్టమే వివరించింది. శిక్ష మూడేళ్ల దాకా జైలు. శుభాకాంక్షలు జెండా పక్కన ఖాళీలో రాయించుకోండి.

మూడు సింహాల చిహ్నం అసలే వద్దు. 2005 నాటి జాతీయ చిహ్న చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడితే రెండేళ్ల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ‘మానవ హక్కుల సంఘం, జిల్లా అధ్యక్షులు’ అని బయో రాసుకుని పక్కన ఈ బొమ్మ తగిలించేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి.

తెలుగు ఫాంట్లు ఏవి వాడుకోవచ్చు?

గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర, గురజాడ, మల్లన్న, ధూర్జటి, పెద్దన వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చినవి. బ్లాగులో, లోగోలో, అమ్మకానికి పెట్టే పోస్టర్లలోనూ నిక్షేపంగా వాడుకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. డీటీపీ సెంటర్లో పనిచేసే స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన ఫాంట్లు వేరు. వాటిలో చాలావాటికి లైసెన్సు కొనాలి. పైగా పాతవి యూనికోడ్ కాదు కాబట్టి వాటితో బ్లాగు రాస్తే చదివేవాళ్లకు తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి.

ఉచిత టెంప్లేటు కింద తయారుచేసినవాళ్ల లింకు ఉంది. తీసేయొచ్చా?

ఆ లింకు ఉంచితేనే ఉచితం అనే షరతుతో ఇచ్చినవి చాలా ఉంటాయి. లైసెన్సు చదవండి. లింకు అందవికారంగా ఉందనిపిస్తే డబ్బు కట్టే రకం కొనుక్కోవచ్చు. జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద వచ్చిన వర్డ్‌ప్రెస్ థీముల కోడును ఎలాగైనా మార్చుకోవచ్చు. వాటితో పాటు వచ్చే నమూనా ఫొటోల లైసెన్సు మాత్రం వేరుగా చూసుకోవాలి.

బ్లాగుకు నవల పేరో సినిమా పేరో పెట్టుకోవచ్చా?

ఒట్టి పేరుకు కాపీరైట్ లేదు. ‘దేశీ బాయ్జ్’ సినిమా వివాదంలో 2015లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అయితే ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుని ఉంటే కథ వేరు. ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతకడానికి పైసా ఖర్చు లేదు.

బయోలో తెలుగు పట్టడం లేదెందుకు?

ఇన్‌స్టాగ్రామ్ బయోకు 150 అక్షరాలే. మన కంటికి ‘శ్రీ’ ఒక అక్షరం. కంప్యూటరుకు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు. ‘స్త్రీ’ అయితే ఆరు. అందుకే ఒత్తులున్న మన బయో అనుకున్నదాని కన్నా ముందే నిండిపోతుంది. యూజర్‌నేమ్‌లో తెలుగు లిపి అసలు ఒప్పుకోదు, పైన కనిపించే పేరు మాత్రం తెలుగులో హాయిగా రాసుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో పేరు మార్చేముందు అక్షర దోషాలు చూసుకోండి. ఒకసారి మార్చాక 60 రోజుల దాకా మళ్లీ మార్చనివ్వదు.

షాపువాళ్లు చీర ఊరికే ఇచ్చారు. డబ్బేం తీసుకోలేదు. ఆ సంగతి చెప్పాలా?

చెప్పాలి. ఉచితంగా వచ్చిన వస్తువూ ప్రతిఫలమే. ‘ప్రకటన’ అనో ‘పెయిడ్ ప్రమోషన్’ అనో వెంటనే కనబడే చోట ఉండాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో ముప్పయ్యోదిగా కాదు. తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

నేను గీసిన బొమ్మనే, కాపీ అంటూ బ్లాగులోంచి తీసేశారు. ఏం చేయాలి?

బ్లాగర్ వంటి అమెరికా వేదికలు అక్కడి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం నడుస్తాయి. మీరు ప్రతివాద నోటీసు పంపవచ్చు. అవతలివాళ్లు 10 నుంచి 14 పనిదినాల్లో కోర్టుకు వెళ్లకపోతే బొమ్మ తిరిగి పెట్టాలి. ఆ నోటీసులో మీ పేరు, చిరునామా అవతలివాళ్లకు చేరతాయి, అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చేయాలి. కాబట్టి బొమ్మ నిజంగా మీదైతేనే పంపండి. మన దేశంలో వేదిక ఫిర్యాదుల అధికారికి రాయవచ్చు. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు. వకీలు అక్కర్లేదు.

నా ఫొటో, నా పేరుతో ఎవరో నకిలీ ప్రొఫైల్ పెట్టి స్నేహితులను డబ్బడుగుతున్నారు.

ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద ఇది నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇలా మరొకరి వేషం కట్టిన ఖాతాల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే గంటల వ్యవధిలోనే చర్య తీసుకోవాలని ఐటీ నియమాలు చెబుతున్నాయి. స్నేహితులెవరైనా డబ్బు వేసేసి ఉంటే వాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చాలామంది కంగారులో ముందు రిపోర్ట్ కొట్టేస్తారు, పదిమంది చేతా కొట్టిస్తారు. ఖాతా మాయమయ్యాక పోలీసులకు చూపించడానికి ఏమీ మిగలదు. ముందు ఆ ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోండి, డబ్బడిగిన మెసేజులు, ఇచ్చిన ఫోన్‌పే నంబరు స్క్రీన్‌షాట్లు తీయించుకోండి. పేరు, ఫొటో ఎవరైనా మార్చేయగలరు కాబట్టి దర్యాప్తుకు పనికొచ్చేది ఆ లింకే. అవన్నీ చేతికొచ్చాకే రిపోర్ట్ నొక్కండి.