ఛాసిస్ నుంచి రంగు దాకా

మంచిర్యాల దగ్గర శ్రీరాంపూర్ కాలనీలో ఒక రేకుల షెడ్డు కింద పాత మహీంద్రా డీఐ పికప్ ట్రాలీ ముక్కముక్కలుగా విప్పి ఉంది. నంబర్ ప్లేటు మీద ఏపీ 01, అంటే మంచిర్యాల ఇంకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కాలపు బండి. కొన్నాయన సింగరేణి భూగర్భ గనిలో ఫిట్టర్‌గా చేసి దిగిపోయిన మనిషి. హాలేజీ రోపులు, నీటి పంపులు, కన్వేయర్ బెల్టులు బాగుచేసిన చేతులు ఇప్పుడు ఈ బండి మీద పడ్డాయి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన మేనల్లుడు సాయం చేస్తున్నాడు. తుక్కు ధరకు కాస్త పైన, 55 వేలకు బండి చేతికొచ్చింది.

ఏరికోరి ఈ రకం బండే కొనడానికి కారణం దాని ఇంజిన్. సిలిండర్ వెడల్పు మూడున్నర అంగుళాలు, పిస్టన్ నడక నాలుగు అంగుళాలు. అలాంటి సిలిండర్లు నాలుగు కలిస్తే 2,523 సీసీ. అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ట్రాక్టర్ ఇంజిన్ల వంశం ఇది. ఆ కంపెనీతో కలిసే మహీంద్రా 1963లో ట్రాక్టర్ల తయారీలోకి దిగింది. ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. డీజిల్‌ను కొలిచి పంపేది పళ్లచక్రాలతో తిరిగే పంపు. కొలిచే పనిముట్లు, ఓపిక ఉన్న మనిషి దీన్ని ఇంటి దగ్గరే విప్పి బిగించగలడు.

పానా పట్టేముందు కాగితాలు చూస్తాడు. ప్రభుత్వ శాఖల, ప్రభుత్వ రంగ సంస్థల పేరున ఉండి 15 ఏళ్లు దాటిన బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. అందుకే మొదటి నుంచీ ప్రైవేటు చేతుల్లో తిరిగిన బండినే వెతికి పట్టాడు. ఛాసిస్ మీద గుద్దిన నంబరును తడిగుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూస్తాడు. తర్వాత ఆ జాగాకు గ్రీజు పూసి, పైన టేపు చుట్టేస్తాడు. ముందు ముందు గ్రైండర్ గానీ, వెల్డింగ్ నిప్పు గానీ ఆ అంకెలను తాకకూడదు.

విప్పడానికి ఒక వరస ఉంది. ముందు బ్యాటరీ తీగలు, తర్వాత డీజిల్, ఇంజిన్ ఆయిలు, రేడియేటర్ నీళ్లు. ఆపైన వెనక ట్రాలీ, క్యాబిన్, చివరికి ఇంజిన్. తుప్పుపట్టిన బోల్టులకు ముందురోజే నూనె పోసి నానబెడతాడు. అయినా కదలని వాటిని గ్యాస్ మంటతో కాల్చి తిప్పుతాడు, అదీ డీజిల్ ట్యాంకు దూరంగా తీసి పెట్టాకే. ఇంజిన్ బరువు రెండు క్వింటాళ్లు దాటుతుంది. షెడ్డు దూలం ఆ బరువు మోయదు కాబట్టి, మూడు ఇనుప పైపులతో ముక్కాలి నిలబెట్టి, టన్ను బరువెత్తే చైన్ కప్పీతో లేపుతారు. ఊడిన ప్రతి బోల్టూ తన జాగా పేరు రాసిన బిస్కెట్ డబ్బాలోకి పోతుంది. ప్రతి తీగకూ చీటీ కడతారు. పైపు ఊడదీసేముందు మేనల్లుడు ఫోన్‌లో ఫొటో తీస్తాడు.

ఇక తుప్పు పని. బొగ్గు లారీలు తిరిగే దారిలో నడిచిన బండికి ఛాసిస్ లోపలి మూలల్లో బొగ్గు ధూళి, మట్టి, పాత గ్రీజు కలిసి గట్టిపడి ఉంటాయి. వానాకాలం చెమ్మను ఆ పొర నెలల తరబడి విడవదు, ఇనుమును లోపల్లోపలే తింటుంది. మొదట సీలతో గీకి, డీజిల్‌తో కడిగి, గ్రైండర్‌కు తీగల బ్రష్ తగిలించి తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దుతారు.

బ్రష్ దూరని చిన్న భాగాలకు డ్రమ్ము వైద్యం. నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములో 50 లీటర్ల నీళ్లు, పావు కిలో బట్టల సోడా. బ్యాటరీ చార్జర్ నెగటివ్ తీగను తుప్పు భాగానికి, పాజిటివ్ తీగను పక్కన ముంచిన పాత ఇనుప పలకకు కలిపి 12 వోల్టుల కరెంటు వదులుతాడు. బుడగలు లేస్తుంటాయి. రాత్రంతా ఉంచితే పొద్దున్నకు తుప్పు నల్లటి బురదగా మారి బ్రష్‌తో రుద్దితే రాలిపోతుంది. లేచే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి డ్రమ్మును ఆరుబయటే పెడతాడు, దగ్గర బీడీ కూడా ముట్టించనివ్వడు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పలక వాడితే విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది, అందుకని మామూలు ఇనుమే. కమాన్ పట్టీలను, గట్టి ఉక్కు బోల్టులను ఈ డ్రమ్ములో వేయడు. హైడ్రోజన్ చొరబడితే గట్టి ఉక్కు పెళుసెక్కుతుంది.

శుభ్రపడిన ఛాసిస్ వంకర ఉందో లేదో చూడాలి. దాన్ని నాలుగు స్టాండ్ల మీద మట్టంగా నిలిపి, మేస్త్రీలు వాడే గుండు దారాన్ని కమాన్ బ్రాకెట్ల దగ్గర వేలాడదీసి, కింద గచ్చు మీద సుద్దతో గుర్తులు పెడతాడు. ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకు టేపు పట్టి కొలుస్తాడు. రెండు కొలతల మధ్య తేడా 3, 4 మిల్లీమీటర్లు దాటలేదు, అంటే ఛాసిస్ తిన్నగానే ఉంది. తుప్పు తిన్న చోటును మంచి ఇనుము తగిలేదాకా, ఆపైన ఇంకో అంగుళం కోసి, అంతే మందం పలక అతికిస్తారు. ఒక్క గీతగా వెల్డింగ్ లాగితే వేడికి ఇనుము గుంజుకుంటుంది. అందుకే ఇక్కడ ఒక అంగుళం, ఎదుటి వైపు ఒక అంగుళం, మధ్యలో చల్లారనిచ్చి మళ్లీ. ఆపైన రెండు పూతల రెడ్ ఆక్సైడ్, ఒక పూత నల్ల ఎనామిల్.

కమాన్ కట్టలు మంచిర్యాలలోని కమాన్ షాపుకు పోతాయి. ఏళ్ల బరువుకు వంపు పోయి బల్లపరుపైన పట్టీలను కొలిమిలో 850 నుంచి 900 డిగ్రీల దాకా కాలుస్తారు. అక్కడ థర్మామీటర్ ఉండదు. ఎరుపు దాటి నారింజకు తిరిగే రంగే గుర్తు. ఆ రంగు రాగానే అచ్చు మీద పెట్టి సుత్తితో వంపు తెచ్చి నూనెలో ముంచుతారు. అట్లాగే వదిలితే పట్టీ గాజులా పగులుతుంది. కాబట్టి మళ్లీ 450 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేసి నెమ్మదిగా చల్లారుస్తారు. కొత్త బుష్షులు, యూ బోల్టులతో కలిపి 9 వేలు.

ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గుతుంది, చేతుల వేగమూ తగ్గుతుంది. బోర్ గేజిని ఒక్కో సిలిండర్‌లో పైన, నడుమ, కింద, రెండేసి దిక్కుల్లో పెట్టి చదువుతాడు. మేనల్లుడు నోట్‌బుక్‌లో గడులు గీసి రాసుకుంటాడు. కొత్తలో 88.9 మిల్లీమీటర్లు ఉండాల్సిన బోరు, రింగులు రాసుకునే పైభాగంలో 89.15కు పెరిగింది. రెండు కాగితాల మందం కన్నా కాస్త ఎక్కువైన ఈ పావు మిల్లీమీటరే నీలి పొగకు, ఆయిలు తాగడానికి మూలం. బ్లాకును లేత్ షాపులో ఇచ్చి పాత స్లీవులు, అంటే సిలిండర్ లోపలి ఇనుప గొట్టాలు, పీకించి కొత్తవి ఎక్కిస్తారు. పిస్టన్ కొలతకు బోర్ చేయించి, చివరికి హోనింగ్. ఇది గోడల మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు తీసే పని. ఆ గీతల్లో నిలిచే ఆయిలే రింగులను కాపాడుతుంది.

రింగును పిస్టన్‌కు ఎక్కించేముందు ఒట్టిగా సిలిండర్‌లోకి దింపి, రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజి పెట్టి చూస్తాడు. 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువుంటే వేడికి కొసలు కలుసుకుని రింగు విరుగుతుంది, ఎక్కువుంటే గ్యాసు కిందికి జారుతుంది. క్రాంక్ బేరింగుల సందును కొలవడానికి ప్లాస్టిగేజి వాడతాడు. మైనంలాంటి ఆ సన్నటి దారాన్ని బేరింగులో పెట్టి బిగించి, మళ్లీ విప్పి, ఎంత వెడల్పున నలిగిందో కవరు మీది కొలతతో పోలుస్తాడు. వాల్వులను గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు పిడి పుల్లతో అరచేతుల మధ్య తిప్పుతూ, సీటు మీద బూడిదరంగు చుట్టు తెగకుండా వచ్చేదాకా రుద్దుతారు.

హెడ్ బిగింపు నడిమి బోల్టుతో మొదలై బయటికి సాగుతుంది. మూడు విడతలు, ప్రతిసారీ టార్క్ పానాతో. ఎండ ముదరడంతో మేనల్లుడికి తొందర.

"మామా, ఒక్కటే బోల్టు గదా, జర తక్కువైతే ఏమైతది?"

"గ్యాస్కెట్ ఆడ్నే కొట్టుకపోతది బిడ్డా. బాయిల రోప్ క్లిప్పు గట్లనే ఇడిచిపెడ్తమా?"

డీజిల్ పంపును, నాజిళ్లను ఇంట్లో ముట్టుకోడు, వాటికి పంపు షాపే గతి. అక్కడ టెస్ట్ బెంచి మీద పంపును తిప్పి, నాలుగు గొట్టాలకూ సమానంగా డీజిల్ పడుతోందో గాజు గొట్టాల్లో చూస్తారు. నాజిల్ మంచులా చిమ్మాలి, చుక్క కారితే పనికిరాదు. స్లీవులు, పిస్టన్లు, రింగులు 14 వేలు, లేత్ పని 6 వేలు, బేరింగులు, గ్యాస్కెట్లు 7 వేలు, పంపు, నాజిళ్లు 9 వేలు. ఇంజిన్ ఖర్చు మొత్తం 36 వేలు.

ఇంజిన్ ఛాసిస్ మీద కూర్చున్నాక క్లచ్ ప్లేటు, గేర్‌బాక్సు బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసులు కొత్తవి పడతాయి, 14 వేలు. బ్రేకులకు మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు, లైనింగులు, తుప్పుపట్టిన పైపులు మార్చడానికి 9 వేలు. బ్రేక్ ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఎప్పుడో మూత తీసిన డబ్బా వాడడు. గొట్టాల్లో గాలిని మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి తీస్తారు. ఒకరు పెడల్ తొక్కుతారు, ఒకరు నిపిల్ విప్పి మూస్తారు. బుడగ లేని ఆయిలు వచ్చేదాకా ఇదే పని.

వెనక ట్రాలీ అడుగు జల్లెడైంది, దాన్ని అతకడం దండగ. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పుకు 3 మిల్లీమీటర్ల చెక్కర్ ప్లేటు, అంటే కాలు జారకుండా గళ్లు లేచిన పలక, సుమారు 95 కిలోలు పడుతుంది. కిలో 75 రూపాయల చొప్పున 7 వేలు దాటుతుంది. క్యాబిన్ అడుగుకు, తలుపుల కింది అంచులకు 18 గేజి రేకు చాలు, మందం 1.2 మిల్లీమీటర్లు. ఛానళ్లు, వెల్డింగ్ రాడ్లు, గ్రైండర్ చక్రాలతో కలిపి ఇనుము లెక్క 18 వేలు.

సొట్టలను వెనక నుంచి దిమ్మె ఆనించి, ముందు నుంచి సుత్తితో తడుతూ తీస్తారు. రేకుతో ఎంత సరిచేస్తే లప్పం అంత తగ్గుతుంది. లప్పం పొర 2 మిల్లీమీటర్లు దాటితే గతుకుల రోడ్డు మీద పెచ్చులు లేస్తుంది. 80 నంబర్ కాగితంతో మొదలెట్టి, 180తో నున్నగా చేసి, ప్రైమర్ కొట్టి, 400 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దుతారు.

రంగు వేయడానికి ఇక్కడ ముహూర్తం పొద్దున ఆరు నుంచి తొమ్మిది. రామగుండం చుట్టుపక్కల మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో తుంపర రేకును తాకేలోపే థిన్నర్ ఎగిరిపోయి, రంగు నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యాక గాలిలో దుమ్ము సరేసరి. తెల్లవారకముందే గచ్చంతా నీళ్లతో తడిపి, చుట్టూ టార్పాలిన్ కట్టి, రేకును మెత్తటి జిగురు గుడ్డతో తుడుస్తారు. 1.4 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న గన్ను రేకుకు జానెడు దూరంలో పట్టి, ఒక దెబ్బ మీద సగం మేర ఇంకో దెబ్బ పడేలా సాగిస్తారు. మూడు కోట్లు, కోటుకూ కోటుకూ నడుమ పావుగంట. పీయూ (పాలీయురెథేన్) రంగులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు అది విషం. ముక్కుకు రుమాలు చాలదు, ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. బండికి పాత తెలుపే వేశారు. వేరే రంగైతే ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్సీలో మార్పించాలి. రంగు ఖర్చు 22 వేలు, నాలుగు కొత్త టైర్లకు మరో 22 వేలు, వైరింగు, బ్యాటరీకి 14 వేలు.

స్టార్ట్ చేసేముందు డీజిల్ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ కొడుతూ గాలి బయటికి తీస్తారు. పంపు ఆపు తీగ లాగి ఉంచి సెల్ఫ్ తిప్పితే ఇంజిన్ రాజుకోకుండానే తిరిగి, ఆయిలు బేరింగులకు చేరుతుంది. ప్రెషర్ ముల్లు లేచాకే తీగ వదులుతారు. ముందు తెల్ల పొగ, కొన్ని క్షణాలకు నాలుగు సిలిండర్లూ 1-3-4-2 వరసలో అందుకుంటాయి. వేడెక్కి చల్లారాక టాపెట్ల సందు మళ్లీ కొలుస్తారు. మొదటి 500 కిలోమీటర్లకు ఆయిలు మార్పు, వెయ్యి కిలోమీటర్ల దాకా నిండు లోడు వద్దు. శ్రీరాంపూర్ నుంచి ఇందారం మీదుగా గోదావరి వంతెన దాటి గోదావరిఖని పోయి రావడం కొత్త భాగాలు కుదురుకోవడానికి సరిపోయే దారి.

మిగిలింది ఫిట్‌నెస్ పరీక్ష. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఇది ఏటా తప్పదు. ఛాసిస్ నంబరు మీది టేపు అప్పుడే ఊడదీస్తారు. బండి ధరతో కలిపి లెక్క 1 లక్షా 99 వేలు తేలింది, ఇందులో ఇద్దరి కూలీ లేదు. కూలీ కూడా డబ్బు పెట్టి చేయించేవాళ్లకు ఈ పని గిట్టుబాటు కాదు. చేతిలో పని, ఇంట్లో జాగా ఉన్నవాళ్లకే గిట్టుబాటు. పాత ట్రాలీ కొనబోయేవాళ్లు ముందు ఇంజిన్ శబ్దం వినకండి. బండి కిందికి దూరి, ఛాసిస్‌ను సుత్తితో తట్టి, నంబరును ఆర్సీతో సరిచూసుకోండి. ఇంజిన్‌ను 36 వేలతో కొత్తది చేయొచ్చు. అరిగిపోయిన ఛాసిస్ నంబరును ఏ లేత్ షాపూ తిరిగివ్వదు.