ఆకాంక్షకు కొలత – లక్కమ్మ చెప్పిన రెండు మాటలు

మానవుని ముందుకు నడిపించునది ఆకాంక్ష. పొలమున విత్తు వేయు రైతు మొదలు పరీక్షకు చదువు బాలుని వరకు, రేపటి దినము నేటికంటె మేలుగా నుండవలెనను కోరిక లేనివారు లేరు. ఆ కోరిక లేనినాడు ఇల్లు గడవదు, ఊరు పెరుగదు. అయితే ఆ ఆకాంక్షయే మితి దాటినచో కాపురమును అప్పులపాలు చేయును; పొరుగువాని చేనికి అందవలసిన నీటిని సైతము లాగుకొనును. ఒకే కోరిక ఎంతవరకు ఉత్సాహము, ఎచ్చటినుండి దురాశ? ఈ ప్రశ్నకు శరణుల చరిత్రయందు ఒక పేద యిల్లాలు సమాధానము చెప్పియున్నది.

ఏరిన బియ్యము

12వ శతాబ్దమున కల్యాణపురమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులుండిరి. కన్నడమున ‘ఆయ్దక్కి’ యనగా ఏరిన బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలను వండి, జంగములకు దాసోహము జరిపి, ప్రసాదము స్వీకరించుట ఆ దంపతుల నిత్యవ్రతము.

ఒకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో మైమరచి కూర్చుండెను. వేళ మించుచున్నదని గ్రహించిన లక్కమ్మ, కాయకము నిలిచిపోయినదని భర్తను హెచ్చరించెను. ఎంత గొప్ప జ్ఞానచర్చయైనను చేయవలసిన పనికి బదులు కాజాలదని ఆమె భావము. మరియొకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. అది చూచి లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధిక మెందులకని ప్రశ్నించి, ఆ పూటకు కావలసినంత ఉంచి, మిగిలినదానిని తెచ్చినచోటనే విడిచి రమ్మనెను.

ఈ రెండు ఘట్టములను కలిపి చదువవలెను. మొదటిది చేయవలసిన దానికంటె తక్కువ చేయవద్దని చెప్పుచున్నది. రెండవది కావలసిన దానికంటె ఎక్కువ తీసికొనవద్దని చెప్పుచున్నది. శ్రమయందు లోటు రాకూడదు, సంగ్రహమునందు మితి తప్పకూడదు. కొందరు మొదటి మాటను మరచి సోమరితనమునకే వైరాగ్యమని పేరు పెట్టుదురు. మరికొందరు రెండవ మాటను మరచి పేరాసకు ప్రగతియని పేరు పెట్టుదురు. లక్కమ్మ కొలత ఇరువురికిని సరిపోవును. నిండిన గాదెలు గల ఇంటనుండి గాక, గింజలు ఏరుకొను ఇంటనుండి వచ్చినందుననే ఆ మాటకు అంత బరువు కలదు.

చెరువు, బోరుబావి

ఈ కొలత అవసరము అనంతపురపు మెట్టభూములందు కనిపించినంత స్పష్టముగా మరెచ్చటను కనిపింపదు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి బలహీనమగును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు అదనుకు కురియునను నమ్మకము లేదు.

ఈ సంగతి ఎరిగిన పూర్వులు నీటిని ఊరి ఉమ్మడి సొత్తుగా భావించిరి. 14వ శతాబ్దమున, బుక్కరాయల కాలమున వెలసిన బుక్కరాయసముద్రము చెరువు అందుకు నిదర్శనము. ఆ చెరువుకట్ట నిలుచుటకై ఒక కోడలు ప్రాణమర్పించెనను జనశ్రుతినే కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ కావ్యముగా రచించిరి. చెరువు క్రింద ఎవని మడికి ఎంత నీరు పారవలెనో నీరుగంటి నిర్ణయించెడివాడు. ఒకని ఆకాంక్షకు ఊరి కట్టుబాటు గట్టుగా నిలిచెడిది.

బోరుబావి వచ్చిన పిదప ఆ గట్టు తెగినది. చెరువు నీరు అందరికంటికి కనబడును. భూగర్భజలము ఎవరికిని కనబడదు. ఈ ప్రాంతమున నేలక్రింద ఉన్నది గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్లయందే నిలుచును. ఒకే పగులునకు ఇరుగుపొరుగుల బోర్లు రెండును తగిలినచో, లోతుగా వేసినవానికి నీరు దక్కి తక్కినవాని బోరు ఎండును. ఎండినవాడు అప్పు చేసి మరింత లోతునకు పోవును. వేపపుల్లతోను, కొబ్బరికాయతోను జలము చూపించుకొని, నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి సొమ్ము తెచ్చి బోరుబండిని పిలుచును. దుమ్ము మాత్రమే లేచినచో ఆ ఇంట ఆ రాత్రి పొయ్యి వెలుగదు. అయినను పంతము విడువక మరల మరియొకచోట వేయించును.

ఈ దుఃఖమునకు రైతు ఆశ యొక్కటే కారణమనుట న్యాయము కాదు. వాన తప్పినది, కొర్ర, సజ్జ, జొన్నలను త్రోసి పొలములన్నిటిని వేరుసెనగ ఆక్రమించినది, పంట పోయిననాడు ఆదుకొను వారు కరువైరి. 1990వ దశకపు చివరినుండి ఈ సీమయందు ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. వారిని నిందించుటకు ఎవరికిని అధికారము లేదు. బావుల త్రవ్వకమును క్రమపరచుటకు 2002లో వాల్టా చట్టము వచ్చినది. కాని చట్టము కాగితముపై హద్దు గీయగలదు. మనస్సునందు హద్దు గీయజాలదు.

ఆ హద్దును తామే గీసికొన్న గ్రామములును ఈ ప్రాంతమున కలవు. అచ్చటి రైతులు కొత్త బోర్లు వేయమని తీర్మానించుకొని, ఉన్న బోర్లను గొట్టములతో కలిపి, బోరు లేనివాని మెట్టపంట వాడుచున్నప్పుడు ఒక తడి ఇచ్చి కాపాడిరి. బోరు గలవాడు తన నీటిలో కొంత వదలుకొనెను. అందుకు ప్రతిగా ప్రక్కచేనిలో పోటీబోరు పడదను ధైర్యము పొందెను. తెచ్చిన బియ్యములో అధికమును తిరిగి విడిచి వచ్చిన మారయ్య పని ఇట్టిదే.

రెండు బొక్కసములు

ఆకాంక్ష సత్కార్యమునకైనచో దానికి కొలత అక్కరలేదని కొందరు తలంతురు. లేపాక్షి వీరభద్రాలయము ఇందుకు సమాధానము. 16వ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమున విరుపణ్ణ ఆ ఆలయమును మహావైభవముగా నిర్మింపజేసెను. ఆయన రాజకోశమును అనుమతి లేక వెచ్చించెననియు, రాజు కన్నులు తీయింప నాజ్ఞాపించెనని విని తన కన్నులను తానే పెరికి గోడకు విసరెననియు జనులు చెప్పుకొందురు. ఇది జనశ్రుతియే గాని చరిత్ర నిర్ధారించినది కాదు. అయినను పైకప్పు లేని కల్యాణమండపపు స్తంభములు నేటికిని అసంపూర్ణముగా నిలిచియున్నవి.

బసవేశ్వరుడును బిజ్జలుని బొక్కసమునకు అధికారియే. ఆయన రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని అసూయాపరులు నేరము మోపగా, రాజు లెక్క చూచుసరికి ధనము లోటు లేక యున్నదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. రెండు కథలయందును ధనము ఖర్చైనది దైవకార్యమునకే. కాని లెక్క నిలిచినచోట కీర్తి నిలిచినది. లెక్క తప్పినచోట కట్టడమే ఆగినది. మఠము కట్టించువారును, సంఘపు సొమ్ము చేతబట్టువారును ఈ భేదమును మరువరాదు.

ఇంటి పిల్లల విషయము

నేడు ఈ సీమ బిడ్డలు చదువులకై, ఉద్యోగములకై బెంగుళూరు, హైదరాబాదులకు పోవుచున్నారు. పోవలసినదే. కరవునేలపై కూర్చుండి విధిని తిట్టుటకంటె విద్య నార్జించుట ఉత్తమ కాయకము. కొడుకు ఇంజనీరు కావలెననియు, కూతురు వైద్యురాలు కావలెననియు తల్లిదండ్రులు కోరుట తప్పు కాదు. కాని ఆ కోరిక బిడ్డదో, పొరుగింటివారితో పోటీపడు తల్లిదండ్రులదో ముందుగా విచారింపవలెను. పొరుగువాడు ఐదువందల అడుగులు వేసినాడని తానును వేయించు రైతునకు, పొరుగువాని బిడ్డ చేరినాడని తన బిడ్డను ఆ చదువునకే తరుము తండ్రికి భేద మేమున్నది? ఎండిపోవునది ఒకచోట నేల, ఒకచోట పసిమనస్సు.

ఆకాంక్షను చంపుకొనుమని శరణులు చెప్పలేదు. కాయకముతో దానిని పోషింపుమనిరి. దాసోహముతో దానికి గట్టు కట్టుమనిరి. గట్టు లేని నీరు వరదయగును, గట్టు గల నీరు చెరువగును. నీటి విలువ ఎరిగిన అనంతపురము వారికి ఈ మాటను వేరుగా వివరింప నక్కరలేదు.

కుటుంబమున చర్చింపదగిన ప్రశ్నలు

1. లక్కమ్మ చెప్పిన రెండు మాటలలో మన యింట నేడు ఏది ఎక్కువ అవసరము?

2. మన సంపాదనలో అధికమనదగినది ఏది? అది ఎవరికి చెందవలెను?

3. మన కోరిక నెరవేరుటకు ఎవని బావి యైనను ఎండుచున్నదా?