దీవికి వెళ్తున్నారా? సగం ప్లాను ఇక్కడే వదిలేయండి

వేసవి సెలవులు దగ్గర పడేసరికి ఉప్పల్, నాచారం, హబ్సిగూడ అపార్టుమెంట్లలో లిఫ్టు ముందు జరిగే కబుర్లు ఈమధ్య కొంచెం మారాయి. ఒకప్పుడు తిరుపతి, అరకు, మహా అయితే ఊటీ. ఇప్పుడు "మేం అండమాన్ అనుకుంటున్నామండీ" అంటున్నారు. శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, ప్రయాణం సుమారు రెండున్నర గంటలు. మామూలుగా పర్యాటకులు తిరిగే చోట్లకి మనకి పర్మిట్ కూడా అక్కర్లేదు. పైగా పోర్ట్ బ్లెయిర్ బజార్లో శ్రీకాకుళం యాస తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. చంటిపిల్లలున్నవాళ్ళకి ధైర్యం రావడం సహజమే.

వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. కానీ ట్రావెల్స్ వాళ్ళు వాట్సాప్‌లో పంపే ప్యాకేజీ కాగితాన్ని ఒకసారి నిదానంగా చదవండి. దిగిన రోజే సెల్యులార్ జైలు, మర్నాడు పొద్దున్నే ఫెర్రీ, సాయంత్రం రాధానగర్ బీచ్, ఆ మర్నాడు ఎలిఫెంట్ బీచ్, మళ్ళీ ఫెర్రీ. అది కొత్తగా పెళ్ళయిన జంటల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన కాగితం. మూడేళ్ళ పిల్లకీ ఆరేళ్ళ పిల్లాడికీ "పాయింట్లు" ఉండవు. వాళ్ళకి కావలసింది ఇసుక, చీలమండల లోతు నీళ్ళు, వేళకి అన్నం, వేళకి నిద్ర, ఫోన్ పక్కన పెట్టిన అమ్మానాన్న. మిగతాదంతా మన సరదా. ఈ లెక్క ముందే ఒప్పుకుంటే ప్రయాణం సగం తేలికవుతుంది.

ఏ సెలవుల్లో?

మన బడి సెలవులకీ ఆ దీవుల వాతావరణానికీ అంతగా పొత్తు కుదరదు. దసరా సెలవులు వచ్చే అక్టోబరులో అక్కడ వానలు ఉంటాయి. నైరుతి రుతుపవనాలు మనకి జూన్‌లో గాని రావు, అండమాన్ సముద్రాన్ని మాత్రం మే మూడో వారానికే తాకుతాయి. మే చివర్లో టికెట్లు చవగ్గా దొరికాయని సంబరపడితే, తీరా అక్కడికి వెళ్ళాక అలలు పెద్దవై ఫెర్రీలు రద్దు కావచ్చు. సంక్రాంతి రోజులు వాతావరణపరంగా బంగారం. కానీ ఆ సమయంలో మనం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ బస్సు కోసం నిలబడి ఉంటాం, ఊళ్ళో అమ్మమ్మ సకినాలు చేసి ఎదురుచూస్తూ ఉంటుంది. ఇక మిగిలింది ఏప్రిల్ ఆఖరి వారం. బళ్ళు మూసిన వెంటనే బయల్దేరి మే మొదటి వారంలో వచ్చేయండి.

సముద్రం ఎలా ఉందో చెప్పే ఆఫీసు మన ఊళ్ళోనే ఉంది. ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ దేశంలోని తీరాలన్నిటికీ అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు ఇస్తుంది. 2004 సునామీ తర్వాత పెట్టిన సునామీ హెచ్చరిక కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే పనిచేస్తోంది. బయల్దేరే ముందు, అక్కడున్న ప్రతి ఉదయం వాళ్ళ సూచన చూసుకోండి.

నాచారంలోనే మొదలు

సముద్రాన్ని ఎప్పుడూ చూడని పిల్లలు దాని చప్పుడుకే బెదిరిపోతారు. కొందరు కాలికి తడి ఇసుక అంటితే ఏడుస్తారు. వీధిలో ఏదో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు కదా, గేటు ముందు ఇసుక కుప్ప ఉంటుంది. మేస్త్రీని అడిగి ఓ సాయంత్రం పిల్లల్ని అక్కడ ఆడనివ్వండి. చెప్పుల్లేకుండా, మగ్గుతో నీళ్ళు పోసుకుంటూ. ముందు మేకులూ గాజుపెంకులూ లేవని చూసుకోవడం మీ పని. లైఫ్ జాకెట్ కొని అపార్టుమెంట్ స్విమ్మింగ్ పూల్‌లో రెండుమూడుసార్లు వేసి చూడండి. చేతులకి తొడిగే గాలి బుడగల్నీ రింగుల్నీ మాత్రం నమ్ముకోవద్దు. అవి ఆటబొమ్మలు. సన్‌స్క్రీన్ కూడా ముందుగా ఇంట్లోనే మోచేతి మీద కొద్దిగా రాసి, దద్దురు రాదని తేల్చుకోండి. ఆరు నెలల లోపు పిల్లల్ని మాత్రం నీడలోనే ఉంచాలి.

సామాన్లలో రాగిజావ పొడి, అటుకులు, కందిపొడి, చిన్న కెటిల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. ఫెర్రీలో వాంతులకి మందు కావాలంటే మీ పిల్లల డాక్టరుని అడగండి, పెద్దవాళ్ళ మాత్ర విరిచి వేయకండి. ఎక్కే ముందు ఓ ఇడ్లీ చాలు. ఎక్కాక ఫోన్లో కార్టూన్లు ఆపేసి దూరంగా చూడమనండి.

అక్కడి పొద్దు వేరు

చేతి గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే దాదాపు గంట ముందుంటాడు. ఏప్రిల్ చివర్లో ఐదింటికల్లా తెల్లారుతుంది, సాయంత్రం ఐదున్నరకే పొద్దుగుంకుతుంది. నడినెత్తి ఎండ పదకొండు దాటగానే. అంచేత ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా తీరం, తర్వాత స్నానం, అన్నం, నిద్ర. మూడున్నర దాటాక మళ్ళీ తీరం. రాత్రి ఎనిమిదింటికి పిల్లలు వాలిపోతే వాలిపోనివ్వండి. ఇక్కడ పదింటిదాకా మెలకువగా ఉండేవాళ్ళు అక్కడెందుకు తూగుతున్నారని కంగారు పడొద్దు.

వేకువనా చీకటి పడేటప్పుడూ ఇసుక ఈగలు కుడతాయి. ఉత్త ఇసుక మీద కూర్చోబెట్టకుండా చాప పరవండి, నిండుగా బట్టలు వేయండి.

నీళ్ళ దగ్గర ఒక్కటే నియమం

పిల్ల మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. కనబడుతోంది కదా అంటే చాలదు. మీరు సముద్రం వైపు, పిల్ల ఒడ్డు వైపు ఉండాలి. అల వస్తే ముందు మీ మోకాళ్ళని తాకాలి. వీపు సముద్రానికి పెట్టి ఫొటోకి నవ్వమనడం అందరూ చేసే పని, మీరు చేయకండి. మునిగిపోయే పిల్లలు సినిమాల్లోలా కేకలు వేయరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు. నలుగురు పెద్దవాళ్ళున్నప్పుడు ఎవరికి వారు రెండోవాళ్ళు చూస్తున్నారనుకుంటారు. అందుకే కాపలా వంతులు వేసుకోండి. "ఇప్పుడు నువ్వు చూడు" అని నోటితో చెప్పి, "సరే" అనిపించుకున్నాకే పక్కకి వెళ్ళాలి. తాతయ్య చూసుకుంటారులే అని వదలొద్దు. కథలు చెప్పడానికి తాతయ్యని మించినవాళ్ళు లేరు, అలకి ఎదురు పరుగెత్తడం ఆయన పని కాదు. స్నానపు బట్టలు ఎరుపో నారింజో కొనండి, నీలం నీళ్ళలో కలిసిపోతుంది.

ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. వాగులు కలిసే చోటా, మడ అడవుల పక్కనా ఆడనివ్వొద్దు. హెచ్చరిక బోర్డు ఉన్నా, లైఫ్‌గార్డ్ వద్దన్నా అక్కడితో సరి. ఆటుపోట్ల వేళలు హోటల్ వాళ్ళని అడగండి. నీల్ దీవిలో నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ గుంటల్లో చిన్న చేపలూ పీతలూ కనిపిస్తాయి. పిల్లలకి అదే పెద్ద ప్రదర్శన. పగడపు రాళ్ళు గీసుకుంటాయి, కాళ్ళకి చెప్పులుండాలి.

గవ్వలు జేబులో వద్దు

పిల్లల నిక్కరు జేబులో ఓ పగడపు ముక్క, రెండు గవ్వలు దాక్కుని ఉండటం మామూలే. పగడాలూ చాలా రకాల శంఖాలూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, ఎయిర్‌పోర్టులో తీయిస్తారు. అక్కడ ఏడుపు మొదలయ్యేదాకా ఆగకుండా తీరంలోనే చెప్పండి. హెర్మిట్ క్రాబ్ అనే పీతకి వెనక భాగం మెత్తగా ఉంటుంది, ఖాళీ శంఖంలో దూరి కాపురం పెడుతుంది, పెరిగేకొద్దీ పెద్ద ఇల్లు వెతుక్కుంటుంది. అలాంటి పీతొకటి శంఖాన్ని ఈడ్చుకుంటూ నడుస్తుంటే చూపించి, "నువ్వు తీసుకెళ్తే దానికి ఇల్లుండదు" అనండి. అద్దె ఇల్లు మారిన పిల్లలకి ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

ఏవి కొట్టేయాలి?

ముందు బారాటాంగ్ దీవి ప్రయాణం కొట్టేయండి. తెల్లవారకముందే లేచి, వాహనాల వరుసలో గంటల ప్రయాణం. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. దారిలో మనుషుల్ని చూపిస్తామని ఎవరైనా ఆశపెడితే ఆ పేరు మీద అసలు వెళ్ళొద్దు. సెల్యులార్ జైలు ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి మంచి పాఠం, చంటివాళ్ళకి ఉక్కపోత. రెండు దీవులు తిరిగే బదులు ఒకే దీవిలో మూడు రాత్రులుండండి. పెద్ద ఆసుపత్రి జీబీ పంత్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది, దీవుల్లో చిన్న ఆరోగ్య కేంద్రాలే. ఒళ్ళు వెచ్చగా ఉంటే ఆ రోజు ఫెర్రీ ఎక్కకండి.

డబ్బు కుదరకపోతే బాపట్ల సూర్యలంకకి రైల్లో వెళ్ళినా పిల్లలకి సముద్రం సముద్రమే. ఎక్కడికి వెళ్ళినా బడి తెరిచే ముందు రెండు రోజులు ఇంట్లో ఉండేలా తిరిగి రండి. అండమాన్ నుంచి వచ్చిన నెలలోపు జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, మలేరియా పరీక్ష చేయిస్తారు. వచ్చాక పిల్లలు ఏం చూశామని చెబుతారో వినండి. వచ్చే ఏడాది ప్లాను దాన్ని బట్టి వేసుకోండి.