ఆకలి లేదన్న తల్లి

కుటుంబ జీవిత పాఠము



ఈ నెల పాఠమునకు మేము తీసికొనిన విషయము చూచుటకు చిన్నది. కుటుంబముతో హోటలులో భోజనము చేయునప్పుడు ఖర్చు ఎట్లు తగ్గించుకొనవలెనన్నదే ఆ విషయము. ఇదియు ఒక పాఠమేనా అని కొందరు అనుకొనవచ్చును. పల్లెలో ఉండువారమైనను ఆసుపత్రికని, బడి పుస్తకములకని, పెండ్లి బట్టలకని పట్టణమునకు పోక తప్పదు. పోయిన దినమున మధ్యాహ్నము ఒంటిగంటకు ఆకలి వేయకా తప్పదు. అయిదుగురు కూర్చుండి లేచునప్పటికి ఒక మనిషి దినమంతయు ఎండలో పనిచేసి తెచ్చుకొనిన కూలి బిల్లు క్రింద చెల్లిపోవును. కాబట్టి ఇది ఆలోచింపదగిన సంగతియే.

మాకు జరిగిన దానినే ముందుగా చెప్పెదము.

గత సంవత్సరము జూన్ నెలలో మేము ముగ్గురు పిల్లలను, వారి తల్లిని వెంటబెట్టుకొని గుంటూరునకు పోయితిమి. పుస్తకములు, బూట్లు కొనునప్పటికి ఎండ నడినెత్తికి వచ్చెను. ఒక భోజన హోటలులో కూర్చుంటిమి. గోడమీది ధరల పట్టిక చూడగానే పిల్లల తల్లి, "నాకు ఆకలిగా లేదండి. పొద్దున తిన్న ఉప్మాయే ఇంకా అరగలేదు. మీరు తినండి" అనెను. మేము మరల అడుగలేదు. నాలుగు భోజనములు చెప్పితిమి. పిల్లలు అడిగిరని మూడు కూల్ డ్రింకులు, బల్లమీద తెచ్చిపెట్టిరని రెండు నీళ్ల సీసాలు తీసికొంటిమి. ఆమె నీళ్లు త్రాగుచు, చిన్నదానికి అన్నము కలిపి ఇచ్చుచు కూర్చుండెను. బయటికి వచ్చినప్పుడు ఒక భోజనము డబ్బు మిగిలినదిగదా అని మేము మనస్సులో సంతోషించితిమి.

సాయంకాలము బస్సులో ఆమెకు కండ్లు తిరిగెను. అప్పుడు మా చిన్న కుమార్తె, "అమ్మ పొద్దున ఉప్మా తినలేదు నాన్నా. గిన్నెలో మిగల్లేదు" అని చెప్పెను.

ఇంటికి వచ్చి జేబులోని బిల్లు తీసి దీపము క్రింద చదివితిమి. నాలుగు భోజనములు, ఒక్కొక్కటి 130 చొప్పున, 520 రూపాయలు. మూడు కూల్ డ్రింకులు 120. రెండు నీళ్ల సీసాలు 50. నూటికి 5 వంతున పన్ను 34 రూపాయల 50 పైసలు. మొత్తము 724 రూపాయల 50 పైసలు. ఆ రంగు నీళ్లు, సీసా నీళ్లు మానియుంటే అయిదు భోజనములకు 650, పన్ను 32 రూపాయల 50 పైసలు, మొత్తము 682 రూపాయల 50 పైసలే అయియుండును. అయిదుగురమును కడుపునిండ తినియు 42 రూపాయలు ఇంటికి తెచ్చుకొనియుందుము. మేము పొదుపు చేసితిమనుకొన్నది పొదుపు కాదు. అక్కరలేనిదానికి 170 రూపాయలు చెల్లించి, ఆ లోటును ఒక మనిషి కడుపులోనుండి తీసితిమి.

ఆ రాత్రి మా యింట ఒక నియమము ఏర్పడెను. మనుష్యులు ఎందరో విస్తళ్లు అన్ని. ఆ తరువాతనే లెక్క. ఈ నియమమును తప్పక ఖర్చు తగ్గించుకొను మార్గములు కొన్ని గలవు. వాటిని ఒక్కొక్కటిగా చూతము.

1. ఇల్లు కదలకముందు

పొదుపులో సగము ఇంటివద్దనే జరుగవలెను. ఆకలితో నకనకలాడుచు హోటలులో అడుగుపెట్టినవాడు కంటికి కనబడినదంతయు చెప్పును. కాబట్టి బయలుదేరు ఉదయమున ఇంటిలో అందరును తిని బయలుదేరవలెను. అందరును అనగా వండిన తల్లియు కూర్చుండి తినవలెను. గిన్నె ఖాళీ అయినదో లేదో యజమానుడు స్వయముగా చూడవలెను.

రెండవది, ఆ పూటకు ఎంత ఖర్చు చేయగలమో ఇంటివద్దనే నిర్ణయించి, ఆ సొమ్ము వేరుగా ఉంచవలెను. ఇప్పుడు ఫోనుతో చెల్లించుట అలవాటైనందున డబ్బు చేయి విడుచుట కంటికి కనబడదు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చువానికి కలుగు జాగ్రత్త ఫోను చూపించువానికి కలుగుట అరుదు. పిల్లలకును ఆ మొత్తము ముందుగా చెప్పుట మంచిది. తెలిసిన పిల్లలు మారాము చేయుట తగ్గును.

మూడవది, త్రాగునీరు ఇంటినుండి తీసికొనిపోవలెను. హోటలులో నీళ్ల సీసాకు దానిమీద అచ్చువేసిన ధరకంటె ఎక్కువ తీసికొందురేమని మనము జగడమాడుదుము. అయితే హోటళ్లు, రెస్టారెంట్లు అట్లు తీసికొనవచ్చునని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పెను. కూర్చుండ చోటును, సేవను కూడ వారు ఇచ్చుచున్నారన్నది అందుకు చెప్పిన కారణము. కాబట్టి జగడమువలన లాభము లేదు. సీసా మూత తీయకముందే "మామూలు నీళ్లు చాలు" అని చెప్పుటయే మార్గము.

2. ఏ పూట, ఏ చోట

రెండు పూటలు బయట తినవలసివచ్చినప్పుడు ఒక పూటకు పులిహోరయో చపాతీలో కట్టుకొనిపోయి, ఒక పూట మాత్రమే హోటలులో తినవచ్చును. ఆ పూటను ఎన్నుకొనుటలో కూడ తెలివి కావలెను. ఇడ్లీ, పెసరట్టు ఉప్మా వంటి ఫలహారములకు భోజనమునకైనంత ఖర్చు సాధారణముగా కాదు. ఉదయమున హోటలులో ఫలహారము చేసి, మధ్యాహ్నము మన మూట విప్పుకొనినయెడల పిల్లలకు హోటలు సరదా తీరును, చేతిలో డబ్బును నిలుచును.

చల్లని గదికిని సాధారణ గదికిని వేరు ధరలుండు హోటళ్లు అనేకము గలవు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు చల్లని గది ఉన్న హోటళ్లకు నూటికి 18, లేనివాటికి 12 పన్ను ఉండెను. ఆ సంవత్సరము నవంబరు 15 నుండి రెండింటికిని 5 చేయబడెను. చాల ఖరీదైన బస హోటళ్లలోని భోజనశాలలు మాత్రము దీనికి వేరు. కాబట్టి పన్నులో భేదము పోయినను ధరలో భేదము ఉండవచ్చును. ఏ గదికి ఏ ధరయో కూర్చుండకముందే అడుగవలెను.

పట్టణములో బంధువుల యింట దిగినవారికి కర్రీ పాయింటు గొప్ప సహాయము. ఇంటిలో అన్నము మాత్రము వండుకొని, రెండు కూరలు, ఒక పప్పు, ఒక పచ్చడి తెచ్చుకొనినయెడల అయిదుగురు తృప్తిగా తినవచ్చును. ఇంటికి తెప్పించుకొను యాప్‌లలో ధర తరచుగా హోటలు ధరకంటె ఎక్కువగా ఉండును. తెచ్చినందుకు రుసుము వేరు. వీధి చివరిదాక నడువగలిగినవాడు ఆ రెండును మిగుల్చుకొనగలడు.

ఆంధ్రప్రదేశములో 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టు 15న మరల తెరువబడిన అన్న క్యాంటీన్లలో ఒక్కొక్క పూట 5 రూపాయలకు తిండి పెట్టుచున్నారు. అయిదుగురికి 25 రూపాయలు. చేతిలో లేని దినమున అక్కడికి పోవుటకు సిగ్గుపడనక్కరలేదు. చేతిలో ఉన్న దినమున కూలివానికి ముందు వరుసలో నిలువకుండుట మర్యాద.

3. చెప్పునప్పుడు

అన్నియు ఒకేసారి చెప్పరాదు. మొదట కొంచెము చెప్పి, తిని, చాలనియెడల మరల చెప్పవలెను. వెంటనే రాదేమో అను భయముతో ఎక్కువ చెప్పి, సగము వదలివచ్చు కుటుంబములు అనేకము. పిల్లల కన్ను పెద్దది, కడుపు చిన్నది.

ప్లేట్ మీల్స్ అనగా ఇంత అన్నమని లెక్క. ఫుల్ మీల్స్ అనగా అడిగినంత. చిన్న పిల్లవానికి ఫుల్ మీల్స్ చెప్పుట వ్యర్థము. వానికి రెండు ఇడ్లీలో, ప్లేట్ మీల్సో చాలును. పార్సెల్ భోజనములో అన్నము తరచుగా ఒక్కనికి మించి ఉండును. బిరియానీ తినదలచినవారు "ఇది ఎంతమందికి సరిపోవును?" అని సర్వరును అడిగి, పెద్ద ప్యాకెట్టును పంచుకొనుట మేలు. కాఫీ వన్ బై టూ చెప్పుట మన ఊళ్ల హోటళ్లలో ఎవరును తప్పు పట్టని ఆచారము. మిగిలిన కూర, రొట్టె కట్టించుకొని ఇంటికి తెచ్చుకొనుటలో అవమానము లేదు. డబ్బిచ్చి కొనిన అన్నమును పారవేయుటయే అవమానము.

4. బిల్లు చదువుట

తినిన తరువాత బిల్లు చదువక చెల్లించుట గొప్పతనమని కొందరి అభిప్రాయము. అది సోమరితనము. మొదట మనము తిననివి అందులో ఉన్నవేమో చూడవలెను. తరువాత పన్ను చూడవలెను. సాధారణ హోటలులో అది నూటికి 5. రెండున్నర కేంద్రమునకు, రెండున్నర రాష్ట్రమునకు అని రెండు వరుసలుగా వ్రాయుదురు. కాంపొజిషన్ పద్ధతి ఎన్నుకొనిన చిన్న హోటళ్లు తాము పన్ను చెల్లించవలెనుగాని, తినువారియొద్ద వేరుగా వసూలు చేయరాదు.

పెద్ద నగరముల హోటళ్లలో సర్వీస్ చార్జి అని మరియొక వరుస కనబడవచ్చును. అది ప్రభుత్వపు పన్ను కాదు. దానిని బిల్లులో తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకములు ఇచ్చెను. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించెను. 600 రూపాయల భోజనమునకు పన్నుతో 630 కావలెను. నూటికి 10 చొప్పున సర్వీస్ చార్జి చేర్చి, దానిమీద కూడ పన్ను వేసినయెడల అది 693 అగును. ఆ 63 రూపాయలు ఒక పిల్లవాని ఫలహారము. కాబట్టి మర్యాదగా తీసివేయుమని అడుగవచ్చును. వినకపోయినయెడల 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును.

5. పొదుపు చేయరాని చోట్లు

ఇంతవరకు ఎక్కడ తగ్గించవచ్చునో చెప్పితిమి. ఎక్కడ తగ్గించరాదో చెప్పనియెడల పాఠము సగమే.

సత్యములో తగ్గించరాదు. ఫుల్ మీల్స్ ఒకరికేనని గోడమీద వ్రాసియుండగా, ఒకటి చెప్పి ఇద్దరు తినుట పొదుపు కాదు. బఫేలలో చిన్న పిల్లలకు సగము ధర పెట్టియుందురు. పదేండ్ల వానిని ఎనిమిదేండ్లవాడని చెప్పి కొన్ని రూపాయలు మిగిల్చినయెడల, ప్రక్కన నిలిచిన ఆ పిల్లవాడు తన తండ్రి అబద్ధమాడెనని నేర్చుకొనును. ఆ ఖర్చు ఏ బిల్లులోను కనబడదు. అది తరువాత తీర్చవలసివచ్చును.

పనివాని విషయములో తగ్గించరాదు. సర్వీస్ చార్జి అడిగి తీసివేయించుకొనినవాడు, ఎంగిలి విస్తరి ఎత్తి బల్ల తుడిచిన కుర్రవాని చేతిలో పది రూపాయలు పెట్టుట మరువరాదు. యజమానుని లెక్క సరిచూచుట వేరు, పేదవాని కష్టమును గుర్తించుట వేరు.

అన్నిటికంటె ముఖ్యముగా, ఒక్కరి ఆకలిమీద తగ్గించరాదు. మన ఇండ్లలో తల్లులు ఆకలి లేదని చెప్పుట అలవాటు. ఆ మాట వినుటకు మనము అంతకంటె ఎక్కువగా అలవాటు పడితిమి. అత్తయ్యలు, ముసలి తండ్రులు కూడ తాము భారమగుదుమేమో అని అట్లే చెప్పుదురు. అయిదు రొట్టెల వృత్తాంతములోని క్రమమును గమనించుడి. అందరును తృప్తిపొందిన తరువాతనే మిగిలిన ముక్కలను పోగుచేయుమని ప్రభువు చెప్పెను. ముందు అందరి తృప్తి, తరువాత పొదుపు. మనము ఆ క్రమమును తలక్రిందులు చేసి, ఒకరిని పస్తుంచి ముక్కలు మిగిల్చితిమని లెక్క వ్రాసికొనుచున్నాము.

చేతిలోని సొమ్ము అయిదు భోజనములకు చాలనియెడల అయిదుగురమును ఇడ్లీ తిందము. అదియు చాలనియెడల అయిదుగురమును అరటిపండ్లు కొనుక్కొని చెట్టుక్రింద కూర్చుందము. నలుగురు విస్తరి ముందు, ఒకరు నీళ్లగ్లాసు ముందు కూర్చుండు భోజనము మాత్రము కుటుంబ భోజనము కాదు.

ఇంటిలో కూర్చుండి ఆలోచించుటకు ప్రశ్నలు

1. మనము చివరిసారి హోటలులో తినినప్పుడు ఎవరు తక్కువ తినిరి? అది మనకు అప్పుడే తెలిసెనా?

2. ఆ బిల్లులో ఆకలి తీర్చనివి ఏవి? వాటి మొత్తమెంత?

3. డబ్బు మిగుల్చుటకు పిల్లల ఎదుట మనము చెప్పిన అబద్ధములు ఏవైన ఉన్నవా?

4. వచ్చు ప్రయాణమునకు ఎంత ఖర్చు చేయుదుము? ఆ మొత్తమును నిర్ణయించునప్పుడు తల్లిని కూడ అడుగుదుమా?

ఈ సంవత్సరము జూన్ నెలలో మేము మరల గుంటూరునకు పోయితిమి. ఈసారి సంచిలో మూడు నీళ్ల సీసాలు, ఒక పులిహోర డబ్బా ఉండెను. ఉదయము ఫలహారము మాత్రము హోటలులో చేయుటకు కూర్చుంటిమి. పిల్లల తల్లి అలవాటు చొప్పున, "నాకేమీ వద్దండి, కాస్త కాఫీ చాలు" అనెను. మేము నోరు తెరువకముందే మా చిన్న కుమార్తె వ్రేళ్లు మడిచి అందరిని లెక్కపెట్టి, సర్వరు వైపు తిరిగి, "అయిదు పెసరట్లండి" అని చెప్పెను.

అయిదును వచ్చెను. అయిదును ఖాళీ అయ్యెను.