రాయబారియు బాలుడును

పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్లేయులకు తేయాకుపై మక్కువ మిక్కుటమయ్యెను. ఆ తేయాకు చీనాదేశమునుండియే రావలసియుండెను. 1757 తరువాత చీనా ప్రభుత్వము ఐరోపా వర్తకులను కాంటన్ రేవున దప్ప మఱియెచ్చటను వ్యాపారము చేయనీయలేదు. ఈ కట్టుబాటును సడలింపుమని కోరుటకై ఇంగ్లండు రాజగు మూడవ జార్జి 1792లో మెకార్ట్‌నీ ప్రభువును రాయబారిగా పంపెను. ఆయన అంతకుముందు చెన్నపట్టణమున గవర్నరుగా నుండినవాడు.

రాయబారి గ్రహగోళయంత్రము, గడియారములు, గుఱ్ఱపుబండ్లు మున్నగువానిని కానుకలుగా గొనిపోయెను. తన దేశీయుల పనితనమును చూచి చీనావారు మెచ్చుకొందురని ఆయన తలంపు. చీనా అధికారులో, వానిని సామంతరాజు పంపిన కప్పముగా నెంచిరి; ఆ మాటనే పడవల జెండాలపై వ్రాయించిరి.

చక్రవర్తి యెదుట ముమ్మారు మోకరిల్లి, తొమ్మిదిసారులు నుదురు నేలకు తాకించుట ఆ దేశాచారము. తనతో సమానుడైన చీనా అధికారి జార్జి రాజు చిత్రపటమునకు అట్లే మ్రొక్కినచో తానును మ్రొక్కెదనని మెకార్ట్‌నీ పలికెను. అధికారులు సమ్మతింపలేదు. దినములు వాదములతోనే గడచెను. తుదకు 1793 సెప్టెంబరు 14వ తేదీన జెహోల్ నగరమున, తన రాజునకు మ్రొక్కునట్లే, ఆయన చియెన్‌లుంగ్ చక్రవర్తి యెదుట ఒక మోకాలు మాత్రమే వంచెను.

రాయబారి పరివారమున థామస్ స్టాంటన్ అను పండ్రెండేండ్ల బాలుడుండెను. అతడు ఓడ ప్రయాణమున చీనాభాష నేర్చుకొనెను. చక్రవర్తి ఆ బాలుని పిలిపించి, వాని నోట తన భాష విని మిగుల సంతసించి, తన నడుమున నున్న సంచిని తీసి బహూకరించెను.

అయినను ఆంగ్లేయుల కోరికలలో ఒక్కటియు నెఱవేఱలేదు. ఇందులకు మ్రొక్కుబడి తగవొక్కటియే కారణము కాదు. పరదేశపు సరకులు తమకు అక్కఱలేదనియు, పాతకట్టుబాటును మార్చనవసరము లేదనియు చక్రవర్తి నిశ్చయము. కాని ఒకరు కానుక యనుకొన్నది మఱియొకరికి కప్పముగా దోచినచోట నమ్మకమెట్లు కుదురును?

స్టాంటన్ మాత్రము భాషాభ్యాసమును మానలేదు. పెద్దవాడై కాంటన్‌లో ఉద్యోగము చేయుచు, చీనా ధర్మశాసనములను ఆంగ్లమున కనువదించి 1810లో ప్రకటించెను. పొరుగువారి నడవడికి మూలమగు న్యాయమును తన దేశీయులకు తెలిపెను.

సరకు తూచుటకు ముందు తూనికరాళ్లను సరిచూచుకొందుము. పరదేశీయులతో బేరమాడుటకు ముందు, మన మర్యాద వారికి ఏ అర్థము నిచ్చునో తెలిసికొనుటయు అంతియే అవసరము.